నాన్న జబ్బు పేరు చెప్పి వాటా ఎగ్గొట్టవచ్చా?

సందేహం: 1997లో మా నాన్న ఎయిడ్స్‌తో పోయారు. అప్పుడు నాకు నాలుగేళ్లు. అమ్మకూ హెచ్‌ఐవీ ఉందని తేలగానే తాతయ్య మమ్మల్ని పుట్టింటికి పంపేశారు. ‘మీ ఆస్తిలో వాటా అడగను’ అని అమ్మ చేత తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. కిందటేడు తాతయ్య పోయారు. ఆయన స్వార్జితం నాలుగెకరాలు ఉంది. వీలునామా లేదు. వాటా అడిగితే, ‘కోర్టుకెక్కితే మీ అమ్మ జబ్బు సంగతి ఊరంతా చెబుతాం’ అంటున్నారు బాబాయిలు. మాకు హక్కుందా?

జవాబు: ఉందమ్మా, మీ ఇద్దరికీ ఉంది. హిందూ వారసత్వ చట్టం మీకు వర్తిస్తుందనుకుని చెబుతున్నాను. 1956 నాటి ఆ చట్టంలో 28వ సెక్షన్ చదవండి. ఏ జబ్బు వల్లా ఎవరికీ వారసత్వం పోదని అందులో స్పష్టంగా ఉంది. మన దేశంలో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడింది 1986లో, మద్రాసులో. అంతకు ముప్పయ్యేళ్ల ముందే ఈ రక్షణ ఉంది. అయినా ఆ తొలి రోజుల్లో కొడుకు పోతే నింద కోడలి మీద పడేది. ‘ఈమె మాత్రం ఎన్నాళ్లుంటుంది, వాటా దేనికి’ అనుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. అప్పటిదాకా ఏడేళ్లు బిడ్డను పెట్టుకుని నెట్టుకొచ్చిన మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

తాతగారి భార్య ఉంటే ఆమెకు, కొడుకులకు, కూతుళ్లకు తలా ఒక వాటా వస్తుంది. మీ నాన్నగారి వాటా మీరూ అమ్మా చెరిసగం తీసుకోవాలి. ఆ తెల్లకాగితానికి భయపడకండి. తాతగారు బతికుండగా ఆయన స్వార్జితంలో మీ అమ్మగారికి హక్కే పుట్టలేదు. పుట్టని హక్కును వదులుకున్నానని రాసిచ్చినా మామూలుగా చెల్లదు. మీ సగం మీద ఆమె వేలిముద్రకు అసలు సంబంధమే లేదు.

బెదిరింపు మాటకొస్తే, భాగపంపకాల దావాలో జబ్బు ప్రస్తావనే అక్కర్లేదు. నాన్నగారి, తాతగారి మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, పొలం కాగితాలు చాలు. అవతలివాళ్లు ఆ సంగతి లాగితే, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 34వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టండి. అసలు పేరు బదులు మారుపేరుతో, తలుపులు మూసి విచారణ జరపమని కోర్టు ఆదేశించవచ్చు. ఇక ఊళ్లో ద్వేషం, వివక్ష రేగేలా ఆమె జబ్బు గురించి ప్రచారం చేస్తే అదే చట్టం ప్రకారం నేరం. మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వాళ్లు మళ్లీ ఆ మాటంటే తేదీ, అక్కడున్న సాక్షుల పేర్లు రాసి ఉంచండి.

లాయరు ఫీజుకు వెనకాడవద్దు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. దావాతో పాటే, తీర్పు వచ్చేదాకా పొలం అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ కూడా అడగండి. ఈ ఒక్కటీ మరిచిపోతే, దావా నడుస్తుండగానే పొలం చేతులు మారి మీకు కొత్త తిప్పలు వస్తాయి.