మ్యూజిక్ ప్లేయర్: మీరడిగారు, మేం చెబుతున్నాం

ఈసారి ఉత్తరాలన్నీ ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచే. దాదాపు అందరూ అడిగింది సిమ్ లేని మ్యూజిక్ ప్లేయర్‌లో నాణ్యమైన స్ట్రీమింగ్ గురించే.

ప్రశ్న: ఆండ్రాయిడ్ ప్లేయర్ కొని, యాపిల్ మ్యూజిక్‌లో హై-రెస్ లాస్‌లెస్ పెట్టుకున్నాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో వింటే ఫోన్‌కీ దీనికీ తేడా ఏమీ తెలియడం లేదండీ. డబ్బు దండగేనా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: బ్లూటూత్‌లో వింటున్నంత కాలం దండగే. లాస్‌లెస్ అంటే శబ్దంలో ఏదీ వదలకుండా కుదించిన పాట, హై-రెస్ అంటే సీడీని మించిన వివరం ఉన్నది. సీడీ నాణ్యత పాటకు సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. 24 బిట్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో చెప్పేది), 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు ఎన్ని వేల కొలతలో చెప్పే రేటు) పాటకైతే, కుదించక ముందు, 9,216. బ్లూటూత్‌లో గట్టి కోడెక్ (పాటను కుదించి పంపే పద్ధతి) అనిపించుకున్న ఎల్‌డాక్ కూడా 990 దగ్గర ఆగిపోతుంది. సిగ్నల్ కాస్త సన్నగిల్లితే 660కి, 330కి దిగుతుంది. పైగా మీరు డబ్బు పోసి కొన్న డాక్ చిప్ (డిజిటల్ పాటను శబ్దంగా మార్చేది), యాంప్లిఫయర్ రెండూ బ్లూటూత్‌లో ఖాళీగా కూర్చుంటాయి. ఆ పనంతా హెడ్‌ఫోన్‌లోని చిన్న చిప్పే చేస్తుంది. కాబట్టి ముందు వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టండి.

తర్వాత యాప్ సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీకి వెళ్లండి. లాస్‌లెస్ ఆన్ చేసి ఊరుకుంటే చాలదు. మొబైల్ డేటాకి, వైఫైకి, డౌన్‌లోడ్‌లకి విడివిడిగా నాణ్యత ఎంచుకోవాలి. ఈక్వలైజర్, డాల్బీ అట్మాస్ (చుట్టూ శబ్దం వినిపించే విధానం) ఆపేయండి. అట్మాస్ లాస్‌లెస్ కాదు.

ఇంకో మెలిక ఆండ్రాయిడ్‌లోనే ఉంది. మామూలుగా అది ప్రతి పాటనూ తన మిక్సర్ గుండా పంపి ఒకే రేటుకు, ఎక్కువగా 48 కిలోహెర్ట్జ్‌కి, మార్చేస్తుంది. మంచి ప్లేయర్లు చేసేవాళ్లు ఆ మిక్సర్‌ను తప్పించుకునే దారి పెడతారు. మీ దాంట్లో ఉందో లేదో చూడాలంటే, ఒక 44.1 కిలోహెర్ట్జ్ పాట, ఒక 96 కిలోహెర్ట్జ్ పాట వెంటవెంటనే పెట్టి ప్లేయర్ తెర మీద చూపించే రేటు గమనించండి. అంకె మారితే నిశ్చింత. రెండింటికీ 48 అనే చూపిస్తే ఫర్మ్‌వేర్ (ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వచ్చిందేమో చూడండి. అప్పటికీ మారకపోతే హై-రెస్ కోసం డేటా తగలేయకండి, మామూలు లాస్‌లెస్ చాలు.

ప్రశ్న: జయపురం నుంచి సాలూరు వైపు బస్సులో వెళ్తుంటే సుంకి ఘాట్‌లో పాట ఆగి ఆగి వస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీదే ప్లేయర్ నడుపుతున్నాను. ఏం చెయ్యాలి?
– ఒక ఉద్యోగిని, జయపురం

జవాబు: కొండల్లో టవరే అందనప్పుడు హాట్‌స్పాట్ మాత్రం ఏం చేస్తుంది? ఇంట్లో వైఫై మీద ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నాలుగు నిమిషాల పాట సీడీ నాణ్యతలో, కుదించాక, సుమారు 25 నుంచి 30 ఎంబీ. 500 పాటలకు 15 జీబీ పెట్టుకోండి. అదే 24/192లో అయితే ఒక్కో పాట 150, 200 ఎంబీ దాకా పోతుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్‌లో పట్టుమని పది పాటలు కూడా రావు. బస్సు ఇంజన్ హోరులో ఆ తేడా ఎలాగూ వినపడదు. డౌన్‌లోడ్‌లను మామూలు లాస్‌లెస్ దగ్గరే ఉంచండి.

ఇక్కడ జనం ఎక్కువగా తడబడేది మూడు చోట్ల. లాస్‌లెస్ ఆన్ చేయక ముందు దించుకున్న పాటలు పాత నాణ్యతలోనే ఉండిపోతాయి, వాటిని తీసేసి మళ్లీ దించుకోవాలి. యాప్‌లో డౌన్‌లోడ్ చోటును ఎస్‌డీ కార్డుకు మార్చకపోతే ప్లేయర్ సొంత మెమరీ నిండిపోతుంది. (ఆ కార్డు తీసి ఇంకో ప్లేయర్‌లో పెడితే మాత్రం పాటలు మోగవు. అవి యాప్ తాళంలో ఉంటాయి.) మూడోది, తెర ఆరగానే డౌన్‌లోడ్ ఆగిపోవడం. ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆదా తీసేస్తే సాగుతుంది. స్పాటిఫై వాడేవారైతే 30 రోజులకు ఒక్కసారైనా నెట్‌కు కలపాలి, లేదంటే దించిన పాటలు పోతాయి.

ప్రశ్న: ఘంటసాల పాటలు 24 బిట్‌లో వింటే గొంతు ఇంకా బాగా వినిపిస్తుందా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: బిట్ల వల్ల వినిపించదండీ. ఆయన 1974లో పోయారు, ఆ రికార్డులన్నీ డిజిటల్ రాక ముందువి. రేటు పెంచినా అంతే. 44.1 కిలోహెర్ట్జ్ రేటే 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాన్ని పట్టుకుంటుంది. మనిషి చెవి హద్దు 20, వయసుతో అదీ తగ్గుతుంది. తేడా ఉండేది ఏ టేపు నుంచి, ఏ రికార్డు నుంచి ఎక్కించారు, ఎంత శుభ్రం చేశారు అన్నదాంట్లో. అతిగా శుభ్రం చేసిన పాటలో బుస్సుమనే శబ్దం పోతుంది గానీ, దాంతోపాటు స, ష అక్షరాల అంచులు అరిగిపోతాయి, తంబూరా నాదం చివర సాగే తోక తెగిపోతుంది. ఒకే పాట రెండు మూడు ఆల్బమ్‌లలో దొరుకుతుంది కాబట్టి అన్నీ విని ఎంచుకోండి. పోల్చేటప్పుడు శబ్దం సమానంగా పెట్టాలి. కాస్త గట్టిగా వినిపించేదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

ప్రశ్న: నాది ప్లే స్టోర్ లేని చిన్న ప్లేయర్. స్ట్రీమింగ్‌కి దారే లేదా?
– కాలేజీ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: ఉంది. చాలా చిన్న ప్లేయర్లలో యూఎస్‌బీ డాక్ అనే మోడ్ ఉంటుంది. పాట ఫోన్‌లో నడుస్తుంది, శబ్దం ప్లేయర్‌లో తయారవుతుంది. ముందు ప్లేయర్‌లో ఆ మోడ్ పెట్టి, తర్వాతే వైరు కలపండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో ఏమీ రాదు, డేటా కేబులే కావాలి. రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో ఒక్కోసారి ఎవరు ఎవరికి పంపాలో తేలక రెండూ మొరాయిస్తాయి. అప్పుడు ఫోన్ వైపు ఓటీజీ అడాప్టర్ (ఫోన్‌నే పంపేదిగా చేసే చిన్న ముక్క) పెట్టండి. ప్లేయర్ ఫోన్ బ్యాటరీని పీల్చేస్తుంటే డాక్ మోడ్‌లో చార్జింగ్ ఆపే మీట ఉందేమో వెతకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌తో ఇక్కడా మొదటి జవాబులో చెప్పిన ఆ 48 కిలోహెర్ట్జ్ గొడవ ఉంటుంది. ఆండ్రాయిడ్ 14 నుంచి దాన్ని తప్పించే వీలు ఇచ్చారు గానీ, యాప్ కూడా దాన్ని వాడుకోవాలి.

ప్రశ్న: రెండు నెలలు పక్కన పెట్టిన ప్లేయర్‌లో వైఫై కలుస్తోంది, యాప్ మాత్రం లాగిన్ కావడం లేదు.
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: తేదీ చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే కొన్ని ప్లేయర్లలో గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని యాప్ తలుపు మూసేస్తుంది. తేదీ, సమయం చేత్తో సరిచేసి, ప్లేయర్ ఆపి మళ్లీ ఆన్ చేసి ప్రయత్నించండి.