ఇన్వర్టర్ పెట్టించుకోబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఉప్పల్‌లో తీసుకున్న ఇంటికి ఏ ఇన్వర్టర్ కొనాలని అడిగావు. కంపెనీ పేరు చెప్పడం కన్నా ఆ పెట్టెలో జరిగే పని చెబితేనే నీకు ఎక్కువ ఉపయోగం, అమ్మా.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టుల డీసీ, అంటే ఎప్పుడూ ఒకే దిశలో పారే కరెంటు. మన ఫ్యాన్లకు, లైట్లకు కావలసింది 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల ఏసీ, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు. వోల్టేజీని పెంచేది ట్రాన్స్‌ఫార్మరే అయినా, మార్పు లేని కరెంటుతో అది పనిచేయదు. అందుకే మాస్‌ఫెట్లనే స్విచ్చులు బ్యాటరీ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్టలోకి ఒకసారి ఇటునుంచి, మరోసారి అటునుంచి పంపుతాయి. సైన్ వేవ్ రకంలో, అంటే కరెంటు నున్నటి అలలా వచ్చే రకంలో, ఆ స్విచ్చులు సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ, ఆన్‌లో ఉండే వ్యవధిని క్రమంగా పెంచుతూ తగ్గిస్తూ పోతాయి. ఆపైన ఫిల్టర్ దాన్ని నున్నటి అలగా మారుస్తుంది. కరెంటు ఒక్కసారిగా ఇటునుంచి అటు మారిపోయే స్క్వేర్ వేవ్ రకం మీద ఫ్యాను గుయ్‌మని మోగుతుంది, మోటారు వేడెక్కుతుంది. ధర కొంత ఎక్కువైనా సైన్ వేవ్‌దే తీసుకో.

అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది బ్యాటరీ తీగల గురించి. 600 వాట్ల లోడు 230 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లకు కాస్త పైన మాత్రమే తీసుకుంటుంది గానీ, అదే లోడుకు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 50 ఆంపియర్లు, నష్టాలు కలిపితే 60 దాకా రావాలి. అంత కరెంటు నడిచే దారిలో నట్టు ఏమాత్రం వదులైనా అక్కడ వేడి పుట్టి, టెర్మినల్ కరిగిపోయే ప్రమాదం ఉంది. టెర్మినల్ చుట్టూ తెల్లగా, నీలంగా పొడి పేరుకుంటే, ఛార్జింగుతో సహా అన్నీ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో శుభ్రం చేయించి, బిగింపు చూసి, పెట్రోలియం జెల్లీ పూయించు. బ్యాటరీని బాల్కనీలో, ఇన్వర్టర్‌ను హాల్లో పెట్టి మధ్యలో పొడవాటి తీగ లాగుతామంటే ఒప్పుకోవద్దు. రెండూ పక్కపక్కనే ఉండాలి, పొడవు కావలసి వస్తే 230 వోల్టుల వైపే పెంచాలి.

150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే, 12 వోల్టులతో గుణిస్తే, లెక్క ప్రకారం 1800 వాట్ అవర్లు. అయితే ఆ 150 అనేది ఇరవై గంటల్లో నెమ్మదిగా వాడుకున్నప్పటి మాట. వేగంగా వాడితే అంత రాదు కనుక, 300 వాట్లు నడిపితే సుమారు నాలుగు గంటలు వస్తుందనుకో. గీజరు, ఇస్త్రీపెట్టె ఇన్వర్టర్ లైనులో కలపకూడదు.

ఛార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది కనుక మూసిన అల్మారాలో గానీ, పూజగది దీపానికి దగ్గరగా గానీ బ్యాటరీ పెట్టవద్దు. మన నగరపు ఎండల్లో నీటిమట్టం తొందరగా పడిపోతుంది. మార్చి నుంచి జూన్ వరకు నెలనెలా చూసుకో. డిస్టిల్డ్ వాటరే పోయాలి, మంజీరా నీళ్లూ బోరు నీళ్లూ పనికిరావు, యాసిడ్ అసలే పోయకూడదు.

ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పు. మెయిన్ స్విచ్ ఆపినా ఇన్వర్టర్ లైనులో 230 వోల్టులు ఉంటాయి. హోల్డర్ విప్పినా, ఫ్యాను దించినా, ముందు ఇన్వర్టర్‌ను కూడా ఆపి, టెస్టర్‌తో చూసిన తరువాతే తీగ ముట్టుకోవాలి.

ఇట్లు,
మామయ్య