నేలవేముకు ర్యాపిడ్ మార్కర్లు సరిపోతాయా?

తూర్పు కనుమల నేలవేములో జన్యు వైవిధ్యం చూడాలి, ల్యాబ్‌లో డబ్బు తక్కువ, ర్యాపిడ్ (RAPD, చిన్న ప్రైమర్లతో డీఎన్‌ఏ తేడాలు చూసే పాత పద్ధతి) మార్కర్లతో కానిచ్చేయవచ్చా అని అడిగారు. విశాఖలో ఇదే మొక్క మీద పనిచేశాను కాబట్టి నా మాట: వద్దు.

కారణం మొక్కలోనే ఉంది. నేలవేము ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది. అలాంటప్పుడు ఒక్కో మొక్కలో రెండు అలీల్స్ (ఒకే జన్యు స్థానపు రెండు ప్రతులు) ఒకటేనా, వేరువేరా అన్నది తెలియాలి. ర్యాపిడ్‌లో జెల్ మీద బ్యాండ్ (డీఎన్‌ఏ గీత) ఉందో లేదో తప్ప అది తెలియదు. పైగా ప్రైమర్లు (కాపీ తీయాల్సిన చోటును పట్టుకునే డీఎన్‌ఏ ముక్కలు) 10 బేస్‌లవే, అంటే 10 డీఎన్‌ఏ అక్షరాలవే కదా, పీసీఆర్ (డీఎన్‌ఏను కాపీలు తీసే) మెషీన్ మారితే బ్యాండ్లూ మారిపోతాయి. 1990లో అది గొప్ప విషయమే, ఇప్పుడు కాదు.

ఎస్‌ఎస్‌ఆర్‌లు (కొద్ది బేస్‌ల వరుస పదేపదే వచ్చే డీఎన్‌ఏ చోట్లు) తీసుకోండి, వాటిలో రెండు అలీల్సూ కనపడతాయి. వాటి కోసం డీఎన్‌ఏ లైబ్రరీలు (ముక్కల సేకరణలు) కట్టే రోజులు పోయాయి. నేలవేము సీక్వెన్సులు ఎన్‌సీబీఐ (అమెరికా వాళ్ల జన్యు డేటాబేస్)లో ఉచితంగా దొరుకుతాయి. మీసా (MISA) సాఫ్ట్‌వేర్‌తో రిపీట్లు వెతికి, ప్రైమర్3 సాఫ్ట్‌వేర్‌తో ప్రైమర్లు డిజైన్ చేసుకోవచ్చు. మూడు బేస్‌ల రిపీట్లయితే చదవడం తేలిక. మామూలు అగరోజ్ జెల్ మీద అంత చిన్న తేడాలు కనపడవు, ఫ్రాగ్మెంట్ అనాలిసిస్ (ముక్కల పొడవును యంత్రంతో కొలవడం) బయట చేయించాల్సిందే. అసలు ఖర్చు అక్కడే. ప్రతి ప్రైమర్‌కూ ఫ్లోరెసెంట్ రంగు పెట్టించకండి. ఫార్వర్డ్ ప్రైమర్లన్నిటికీ ఎం13 తోక (అన్నిటికీ ఒకేలా ఉండే చిన్న డీఎన్‌ఏ వరుస) తగిలించి, రంగున్న ఎం13 ప్రైమర్ ఒక్కటి కొంటే అన్నిటికీ అదే పనిచేస్తుంది. ముందు దూరదూరపు చోట్ల నుంచి తెచ్చిన కొద్ది మొక్కల మీద చూసి, తేడా చూపని ప్రైమర్లను అక్కడే వదిలేయండి.

శాంపిళ్ల సంగతీ అంతే. సింహాచలం కొండ మీదే వంద మొక్కలు కోసేకంటే పాడేరు, చింతపల్లి, అరకు వైపు చోట్లు పెంచండి. ఒకేచోటి మొక్కలు చాలావరకు ఒకేలా వస్తాయి. కంబాలకొండ అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ ఆకు కూడా తెంపకూడదు. పెరటి మొక్కలను విడిగా రాసుకోండి, వాటి విత్తనం ఎక్కడిదో ఎవరికి తెలుసు!

మన సముద్రపు గాలికి కాగితాల మధ్య పెట్టిన ఆకు బూజు పడుతుంది. లేత ఆకు తీసి సిలికా జెల్‌లో వేయండి. డీఎన్‌ఏ తీసే సీటాబ్ బఫర్‌లో పీవీపీ, బీటా మెర్కాప్టోఇథనాల్ మర్చిపోతే డీఎన్‌ఏ గోధుమ రంగుకు తిరుగుతుంది, పీసీఆర్ మొరాయిస్తుంది.

హెటిరోజైగోట్లు (రెండు అలీల్స్ వేరుగా ఉన్న మొక్కలు) తక్కువ వచ్చాయని టెన్షన్ పడకండి, ఈ మొక్కకు అది సహజం. ఏదో ఒక్క మార్కర్‌లోనే మరీ తక్కువైతే మాత్రం నల్ అలీల్ (ప్రైమర్ అతుక్కోక కనపడకుండా పోయే అలీల్) ఉందేమో అనుమానించి, ఆ ప్రైమర్‌ను మళ్లీ డిజైన్ చేయండి.