క్లినిక్‌లో దొరికిన తప్పు మీ అర్హతకు కొలమానం కాదు

ప్రశ్న: సంగీత ఉపాధ్యాయ శిక్షణ చివరి ఏడాదిలో ఉన్నాను. ఒక పాఠశాలలో ఆరు వారాలుగా పిల్లలకు బృందగానం నేర్పుతున్నాను. రెండో చరణంలో శ్రుతి దిగిపోతూ ఉండేది. ఎంత సాధన చేయించినా కుదరలేదు. ఇటీవల అక్కడ సంగీత క్లినిక్ జరిగింది. బయటి నుంచి వచ్చిన నిపుణురాలు పిల్లల చేత పెదవులు మూసి ‘మ్’ అని పాడించి, ఊపిరి తీసుకునే చోటు మార్చి, 40 నిమిషాల్లో దాన్ని సరిచేశారు. అందరి ముందూ తల ఎత్తలేకపోయాను. ఆ పాఠశాలలో నేను తప్ప సంగీతం చెప్పేవారు ఎవరూ లేరు కాబట్టి సందేహం అడగడానికీ తోడు లేదు. నేను ఈ వృత్తికి పనికిరానేమో. వేరే దారి చూసుకోవాలా?

జవాబు: వద్దు. ఈ ఒక్క కారణంతో ఈ వృత్తిని వదలకండి. ఆ రోజు జరిగింది మీకు పరీక్ష కాదు. క్లినిక్ అంటేనే బృందం తన కష్టాన్ని దాచకుండా ముందు పెట్టడం, వచ్చినవారు విని అక్కడికక్కడే పిల్లలతో పనిచేసి చూపించడం. తప్పు దొరకకపోతే ఆమెను పిలిచి లాభమేముంది?

ఆరు వారాల్లో మీకు దొరకనిది ఆమెకు ఎలా దొరికిందో చూద్దాం. దిగిన శ్రుతినే రోజూ వింటే మన చెవి దానికి అలవాటు పడిపోతుంది. మరో సంగతి అడుగుతాను: పిల్లలు పాడుతున్నప్పుడు మీరూ గొంతు కలుపుతున్నారా? కొత్త ఉపాధ్యాయులు దాదాపు అందరూ కలుపుతారు. పిల్లలకు ధైర్యం ఇవ్వాలనే చేస్తారు. కానీ మన గొంతు మన చెవిని కప్పేస్తుంది, పిల్లలు ఎక్కడ జారుతున్నారో తెలియదు. ఆమె పాడలేదు, విన్నారు. వాక్యం మధ్యలో ఊపిరి చాలక స్వరం కుంగుతోందని పట్టుకున్నారు. ‘మ్’ అని పాడేటప్పుడు ఎవరి గొంతూ పైకి రాదు, పక్కవారి శ్రుతి స్పష్టంగా వినిపిస్తుంది, ఆ తరువాత నోరు తెరిచినా చెవి ఆ శ్రుతిని వదలదు. ఇది నేర్చుకోగలిగిన పనితనం.

ఇంకొకటి గమనించండి. కొత్త మనిషి ఎదురుగా నిలబడగానే పిల్లల నడుము నిటారవుతుంది, శ్రద్ధ పెరుగుతుంది. ఆ 40 నిమిషాల ఫలితంలో కొంత దానిది కూడా. తిరిగి సాధన చేయించకపోతే వారంలోనే పాత అలవాటు వచ్చేస్తుంది. దాన్ని నిలబెట్టేది మీరే. రేపటి నుంచి రెండో చరణం పాడేటప్పుడు మీరు నోరు మూసుకుని గది చివరికి వెళ్లి నిలబడండి. ఫోనులో రికార్డు చేసి మరునాడు వినండి.

అయితే క్లినిక్ పేరుతో జరిగేదంతా మంచిదని అనను. వచ్చినవారు ఒక బిడ్డను నిలబెట్టి పది మందిలో అవమానిస్తే, అక్కడే ఆపమని చెప్పే హక్కు ఆ తరగతి ఉపాధ్యాయులకు ఉంది. ఆ హక్కును వాడుకోవడం వారి బాధ్యత కూడా.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది చివర్లో రాసిన మాట, తోడు లేదన్నది. గణితం చెప్పేవారికి అదే స్టాఫ్ రూములో మరొక గణిత ఉపాధ్యాయుడు దొరుకుతాడు. సంగీతం చెప్పేవారు చాలా చోట్ల ఒంటరే. ప్రతిభ లేకపోవడం కన్నా ఈ ఒంటరితనం వల్లే మంచి ఉపాధ్యాయులు అలసిపోతారని నా నమ్మకం. గొంతు తరచూ బొంగురుపోతుంటే అది మామూలేనా, వైద్యులకు చూపించాలా అని చెప్పేవారు ఉండరు. వినికిడి సంగతీ అంతే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. ట్రంపెట్లు, డ్రమ్ములు మోగే చిన్న గదిలో ఆ హద్దు దాటడం సులువు. అనుభవమున్న తోటి ఉపాధ్యాయులుంటే తొలి వారంలోనే హెచ్చరిస్తారు.

ఈ తోడు కోసం వెతికినవారు మీకు ముందూ ఉన్నారు. షికాగోలో 1946లో మొదలైన మిడ్‌వెస్ట్ క్లినిక్‌కు బ్యాండ్, ఆర్కెస్ట్రా ఉపాధ్యాయులు ఏటా డిసెంబరులో తరలివస్తారు. 1953లో యునెస్కో చొరవతో బ్రస్సెల్స్‌లో జరిగిన సదస్సు నుంచి అంతర్జాతీయ సంగీత విద్యా సంఘం పుట్టింది. మీకు ఇప్పుడు అంత పెద్ద వేదిక అవసరం లేదు. మీతో శిక్షణ పొందుతున్న ఒక్కరితో ఒప్పందం చేసుకోండి: మూడు నెలలకొకసారి ఒకరి తరగతికి మరొకరు వెళ్లి వినాలి. ‘బాగుంది’ అనడంతో సరిపెట్టకూడదు, ముందుగా చెవికి తగిలింది ఏమిటో చెప్పాలి.

ఉద్యోగానికి వెళ్లినప్పుడు జీతంతో పాటు మూడు విషయాలు అడగండి. క్లినిక్‌లకు, సదస్సులకు వెళ్లడానికి సెలవు ఇస్తారా? బయటి సంగీత ఉపాధ్యాయులను తరగతికి పిలవనిస్తారా? ఇంతకు ముందు సంగీతం చెప్పినవారితో మాట్లాడవచ్చా? మూడో దానికి తడబడితే, వారు ఎందుకు వెళ్లిపోయారో కాస్త విచారించండి.

ఇక ఆ నిపుణురాలికి ఈ వారమే రాయండి. క్లినిక్‌లు నడిపేవారిలో చాలామంది ఏళ్ల తరబడి పాఠశాలల్లో పాఠాలు చెప్పి వచ్చినవారే, మీ స్థితి వారికి కొత్త కాదు. రెండో చరణం కొత్త రికార్డు జతచేసి, ‘ఇప్పుడు మీకు ముందుగా ఏమి వినిపిస్తోంది?’ అని అడగండి.