మూన్ లవర్స్ అయిపోయింది, తర్వాత ఏం చూడాలి?

ప్రశ్న: మూన్ లవర్స్ చూసి రెండ్రోజులు మనిషిని కాలేదండీ. రాజులు, అంతఃపురం, లవ్ స్టోరీ, మళ్లీ అలాంటి ఫీల్ ఉన్న కొరియన్ సీరియల్ ఏదైనా చెప్పరూ?

జవాబు: ముందు ది రెడ్ స్లీవ్ (2021) పెట్టేయండి, ఇంకేం ఆలోచించకండి. 18వ శతాబ్దం జోసన్ (అప్పటి కొరియా రాజ్యం) రాజు జంగ్‌జో, అంతఃపురంలో పనిచేసే అమ్మాయి డొక్ ఇమ్, ఇద్దరూ నిజంగా ఉన్నవాళ్లే. రాజు ఇష్టపడితే ఎవరైనా ఎగిరి గంతేస్తారనుకుంటాం కదా, ఆమె రెండుసార్లు వద్దంది, ఈ మాట ఆమె చనిపోయాక రాజే స్వయంగా రాసిన సమాధి శాసనంలో ఉంది! అది తెలిసి చూస్తే ఆమె మౌనంగా తలొంచుకునే సీన్లు కూడా గుండె పిండేస్తాయి, ఎందుకంటే ఒకసారి రాజు భార్య అయితే తన బతుకు ఇక తనది కాదని ఆమెకి ముందే తెలుసు. లీ జున్‌హో, లీ సెయంగ్ ఇద్దరూ ప్రాణం పెట్టి చేశారు.

ఏడవడానికి ఇంకా ఓపికుంటే మై డియరెస్ట్ (2023). 1636లో చింగ్ (తర్వాత చైనాని ఏలిన మంచూ వంశం) సైన్యం జోసన్ మీద పడ్డప్పటి కథ, బందీలుగా పట్టుకుపోయిన మామూలు జనాన్ని కూడా చూపిస్తారు. మొదట్లో హీరోయిన్ గారాబం కాస్త విసుగనిపిస్తుంది, యుద్ధం మొదలయ్యేదాకా ఆగండి, అక్కణ్ణుంచి ఆ అమ్మాయే వేరు.

మధ్యలో కాస్త నవ్వుకోవాలంటే లవ్ ఇన్ ది మూన్‌లైట్ (2016), మగవేషంలో అంతఃపురంలో చేరే అమ్మాయి, అల్లరి యువరాజు. పార్క్ బోగమ్ నవ్వు కోసమైనా చూడొచ్చు. రెడ్ స్లీవ్ మాత్రం చివరి ఎపిసోడ్లు సెలవు ముందు రాత్రికి ఉంచుకోండి.