పర్యాటకం నిలవాలంటే పర్యావరణం ఎందుకు బాగుండాలి?

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రాన్ని, పులికాట్ ఉప్పునీటి సరస్సును చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ అన్నిటికీ మూలం ఈశాన్య రుతుపవనాల వానలే. నేలపట్టు చెరువు నిండితేనే నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. పులికాట్‌లో దిగే ఫ్లెమింగోలకు మాత్రం లోతు నీళ్లు పనికిరావు. వంపు ముక్కుతో బురదనీటిని వడకట్టి తినాలంటే కాళ్లు మునిగేంత నీరుంటే చాలు. వానలు మొహం చాటేసినా, సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడినా పక్షులు తగ్గుతాయి. పక్షులు లేకపోతే జనమెందుకు వస్తారు? నన్నడిగితే రిసార్టుల కంటే ముందు పూడిక తీయించాలి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలం కాబట్టి నేలపట్టు ఊరివాళ్లు ఆ పక్షులను ఎప్పటినుంచో కాపాడుకుంటున్నారు. వెళ్తే గూళ్ల దగ్గర అరవకండి. తల్లి పక్షి బెదిరి లేచిపోతే పిల్లలు ఎండకు తట్టుకోలేవు.