కిట్ కారుకు డోనర్ కారు కొనేటప్పుడు ఏం చూడాలి?

లోటస్ సెవెన్ తరహా చిన్న స్పోర్ట్స్ కారును ఇంటి గ్యారేజీలో సొంతంగా బిగించుకోవాలని, అందుకు ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు ఇచ్చే పాత కారుగా, అంటే డోనర్‌గా, దేన్ని కొనాలో చెప్పమని యూకేకు కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లు కొందరు అడుగుతున్నారు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా కారును మార్చడానికి సాధారణంగా ఒప్పుకోదు కనుక, ఇక్కడ ఆ పని చట్టబద్ధంగా చేసుకోవచ్చని తెలియగానే ఉత్సాహం కలగడం సహజమే. అయితే ముందు కిట్, అంటే ఛాసిస్ వంటి కొత్త భాగాల సెట్టు, ఏదో తేల్చుకోండి, డోనర్ సంగతి ఆ తర్వాత చూడవచ్చు. చవకగా దొరికిందని పాత కారును ఇంటికి తెచ్చేసి, దానికి సరిపోయే ఛాసిస్ (కారు అస్థిపంజరం) కోసం వెతకడం మొదలుపెడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఏ తరం కారు, ఏ ఇంజను, ఏ డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె) తమ ఛాసిస్‌లో కూర్చుంటాయో కిట్ తయారీదారులు స్పష్టంగానే చెబుతారు.

సెవెన్ 1957లో వచ్చింది. దాని పోలికలో వచ్చిన కిట్లకు చాలాకాలం ఫోర్డ్ ఎస్కార్టు, ఆ తర్వాత 1982 నుంచి 1993 వరకు తయారైన ఫోర్డ్ సియెరా డోనర్లుగా ఉండేవి. ఇప్పుడు పాత ఎస్కార్టులు ర్యాలీ అభిమానుల చేతికి చేరి కళ్లు తిరిగే ధర పలుకుతున్నాయి, సియెరాలు దాదాపు కనుమరుగయ్యాయి. అందువల్ల నా ఓటు మాజ్దా ఎంఎక్స్-5కే, అందులోనూ 1989 నుంచి 2005 వరకు వచ్చిన మొదటి రెండు తరాలకు. ఇంజను కారు పొడవు వెంట ముందు ఉండి వెనుక చక్రాలను నడపడం, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటిగా రెండు చీలిక కడ్డీలు పట్టి ఉంచే పద్ధతి) ఉండటం సెవెన్ తరహా కారుకు అతికినట్టు సరిపోతాయి. బీఎండబ్ల్యూ 3 సిరీస్ భాగాలతో చేసే కిట్లూ ఉన్నాయి కానీ, తేలికదనమే ప్రాణమైన కారులో అంత బరువైన సామాను నింపడం నాకు రుచించదు.

ఎంఎక్స్-5 గుమ్మాల కింది సిల్స్, వెనుక చక్రాల తోరణాలు తుప్పు పట్టడం అందరూ ఎరిగిన జబ్బే. నడుపుకునేందుకు కొనేవాడు ఆ తుప్పు చూసి పారిపోతాడు, కానీ మీరు ఎలాగూ బాడీని తీసి పారేస్తారు కనుక మీకు అది బేరమాడే ఆయుధం. సిల్స్ తుప్పు వల్లే ఎంవోటీ (కారు రోడ్డుకు పనికొస్తుందో లేదో ఏటా చూసే పరీక్ష) తప్పి, ఇంజను మాత్రం శుభ్రంగా తిరుగుతున్న కారు దొరికితే అంతకన్నా మంచి డోనర్ ఉండదు. రిజిస్ట్రేషన్ నంబరు కొడితే ప్రభుత్వ వెబ్‌సైటులో పాత ఎంవోటీ ఫలితాలు, కారు తిరిగిన మైళ్లు ఉచితంగా కనిపిస్తాయి కాబట్టి, ఇల్లు కదలకుండానే సగం కార్లను ఏరివేయవచ్చు.

కారు దగ్గరకు వెళ్లినప్పుడు, మీరు వచ్చేవరకు ఇంజను స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, బానెట్ ఎత్తి ముందువైపు క్రాంక్ పుల్లీని (ఇంజనుతో పాటు తిరిగే, బెల్టులు నడిపే చక్రాన్ని) గమనించండి. తొలి ఏళ్ల 1.6 ఇంజన్లలో పుల్లీని పట్టి ఉంచే కీ అనే చిన్న లోహపు ముక్క, దాని గాడి అరిగిపోయే లోపం ఉంది కనుక, పుల్లీ ఊగుతున్నట్టు కనిపిస్తే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి. తొలి 1.6 కార్ల డిఫరెన్షియల్ కూడా తర్వాతి 1.8 కార్లలో ఉన్నంత గట్టిది కాదు. రెండో తరం కారైతే ఇమ్మొబిలైజర్ (సరైన తాళం చెవి లేకుంటే ఇంజను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉంటుంది, అందువల్ల తాళం చెవి, ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు), వైరింగ్ లూమ్ (తీగల కట్ట) ఒకే కారువి కలిసి రావాలి. విడి భాగాలు కాక నడిచే కారునే మొత్తంగా కొనమనడానికి కారణం ఇదే. ఇంజను ఒకచోట, గేర్‌బాక్సు మరోచోట విడివిడిగా కొంటే మొదట ఆదా అయినట్టు కనిపించినా, బోల్టులు, బ్రాకెట్లు, సెన్సర్ల దగ్గరకు వచ్చేసరికి చేతి చమురు వదులుతుంది.

కాగితాల లెక్క మరింత కఠినం. తయారైన కారు ఐవీఏ పరీక్ష (ఇలాంటి కార్లను ఒక్కొక్కటిగా చూసి రోడ్డుకు అనుమతించేది) గట్టెక్కాక, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ నంబరు ఇస్తుంది. కొత్త కిట్ ఛాసిస్‌తో పాటు ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు, సస్పెన్షన్, స్టీరింగు వంటి ప్రధాన భాగాల్లో కనీసం రెండు ఒకే డోనర్ నుంచి వచ్చాయని చూపగలిగితే, ఆ డోనర్ వయసును బట్టి నంబరు వస్తుంది. చూపలేకపోతే క్యూ ప్లేటు (కారు వయసు తేలలేదని చెప్పే, Q అక్షరంతో మొదలయ్యే నంబరు) అంటగడతారు, అమ్మకం రోజున విలువ పడిపోయేది అక్కడే. కనుక లాగ్‌బుక్ (డీవీఎల్ఏ ఇచ్చే రిజిస్ట్రేషన్ పత్రం) లేని కారును ఎంత చవకైనా ముట్టుకోవద్దు. లాగ్‌బుక్‌లోని ఇంజను నంబరును అసలు ఇంజను మీది నంబరుతో సరిపోల్చండి, ఎందుకంటే పరీక్షలో పొగ ప్రమాణాలను ఇంజను వయసును బట్టే నిర్ణయిస్తారు. విప్పడానికి ముందే ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కనిపించేలా ఫొటోలు తీసి, రసీదులతో కలిపి భద్రపరచండి. లాగ్‌బుక్ యాజమాన్యానికి రుజువు కాదు కాబట్టి, కారు మీద ఫైనాన్స్ బాకీ ఉందేమో కూడా విచారించుకోవాలి.

ప్రమాదంలో దెబ్బతిని బీమా కంపెనీ వదిలేసిన కార్లలో ఎస్ (నిర్మాణం దెబ్బతిన్నవి), ఎన్ (నిర్మాణం దెబ్బతిననివి) తరగతులవి కొనవచ్చు కానీ, దెబ్బ చక్రం వైపు తగిలి ఉంటే చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ కడ్డీలు వంగాయేమో చూడాలి.

అద్దె ఇంట్లో ఉంటే ఇంటి యజమాని అనుమతి ముందే తీసుకోండి, చాలా ఒప్పందాలు ఇలాంటి పనికి ఒప్పుకోవు. మన దేశపు డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ స్థిరపడిన 12 నెలల వరకే చెల్లుతుంది కనుక, కారు పూర్తయ్యేలోపు యూకే లైసెన్సు సంపాదించి, బీమా ఎంతవుతుందో కిట్ కార్ల బీమా చేసేవారిని డోనర్ కొనకముందే అడగడం మేలు.

కొన్న కారును రోడ్డు మీద తిప్పకుండా విప్పబోతున్నారు కాబట్టి వెంటనే సోర్న్ (కారును రోడ్డు మీదికి తీయడం లేదని డీవీఎల్ఏకు చెప్పడం) ప్రకటించండి. హార్డ్‌టాప్, సీట్లు, తలుపులు, దీపాలకు గిరాకీ బాగానే ఉంటుంది, ఓపికగా అమ్మితే పెట్టుబడిలో చెప్పుకోదగ్గ భాగం తిరిగి వస్తుంది. చివరికి మిగిలే తుప్పు డొల్లను లైసెన్సున్న స్క్రాప్ వ్యాపారికే ఇవ్వాలి. 2013 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండు, వేల్స్‌లో అతను నగదు ఇవ్వకూడదు, బ్యాంకు ద్వారానే చెల్లిస్తాడు. ఇచ్చేది ఖాళీ డొల్ల మాత్రమేనని అతనికి ముందే చెప్పి, మొత్తం కారు ధ్వంసమైందన్న ధ్రువపత్రం డోనర్ నంబరు మీద నమోదు కాకుండా చూసుకోండి. వీలైతే కిట్ కారుకు కొత్త నంబరు చేతికి వచ్చేదాకా ఆ డొల్లను పెరట్లోనే ఉంచండి.